వక్రగతి పుట్టే పెట్టె

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియంలో, గుమ్మటం లోపలి కప్పు మీద ఆకాశాన్ని చూపే షో చూసొచ్చిన మా మేనకోడలు అడిగింది: “చుక్కలన్నీ కలిసి తిరుగుతాయి, సరే. గ్రహాలు దేని దారిన అవి పోతాయి కదా, వాటినెలా తిప్పుతారు?” ప్లానెటోరియం కనిపెట్టినవాళ్ల అసలు కష్టం సరిగ్గా అక్కడే!

చుక్కల పని తేలిక. బోలు గోళంలో దీపం, చుట్టూ సన్నటి రంధ్రాల రేకులు, వాటి ముందు లెన్సులు. గోళం తిరుగుతుంటే కిందికొచ్చిన లెన్సుల వెలుగు జనం కళ్లలో పడకుండా మూతలు తమ బరువుకే జారి మూసుకుంటాయి.

గ్రహాల చిక్కు విప్పింది జర్మనీలోని జైస్ కంపెనీ ఇంజనీరు వాల్తర్ బవర్స్‌ఫెల్డ్. 1923లో మ్యూనిక్‌లో ఆయన యంత్రాన్ని తొలిసారి చూపించారు. అందులో కుజుడి సంగతే చూడండి. ఒక గేరు భూమిని 365 రోజుల లెక్కన, మరొకటి కుజుణ్ణి 687 రోజుల లెక్కన తిప్పుతాయి. ఆ రెంటినీ ఒక కడ్డీ కలుపుతుంది. కడ్డీ ఎటు చూస్తే దీపం అటు. అంతే!

బడి ఆవరణలో ఇది చేసి చూపించవచ్చు. చాక్‌పీసుతో సూర్యుణ్ణి గీసి, చుట్టూ మీటరు, మీటరున్నర దూరంలో రెండు వృత్తాలు గీయండి. లోపలి పిల్లవాడు భూమి, బయటి అమ్మాయి కుజుడు. అతను పొడవాటి వెదురు కొన పట్టుకోవాలి, ఆమె దాన్ని చేతిలో జారనివ్వాలి. ఆమె ఒక చుట్టు తిరిగేలోపు అతను దాదాపు రెండు తిరగాలి. అతను ఆమెను దాటిపోయేటప్పుడు వెదురు చూపే దిక్కు కాసేపు వెనక్కి మళ్లుతుంది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి నడవలేదు!

పంచాంగంలో చెప్పే వక్రగతి ఇదే. ఆ లెక్క కట్టినవాళ్లు గొప్ప గణితవేత్తలు. దాన్ని చూసి పెళ్లి మాటలు వాయిదా వేయడమే అన్యాయం. యంత్రంలో దిశ మార్చుకునే గేరు ఒక్కటీ లేదు, అయినా వక్రగతి దానంతటదే వస్తుంది. కుజుడికిది సుమారు 26 నెలలకోసారి తప్పదు. 2027 మొదటి మూడు నెలల్లో మఖ నక్షత్రం దరిదాపుల్లో మామూలు కళ్లతోనే చూడొచ్చు.

ఆ మొదటి యంత్రం మ్యూనిక్ ఆకాశాన్ని మాత్రమే చూపేది. హైదరాబాద్‌లో శీతాకాలం రాత్రి దక్షిణాన మెరిసే అగస్త్యుడు అందులో కనిపించడు, అక్కడ ఆ చుక్క ఉదయించదు కాబట్టి. తర్వాతి నమూనా ఏ ఊరి ఆకాశాన్నైనా చూపింది గానీ, ధర పెద్ద నగరాలకే అందేది. 1947లో అమెరికాలో ఆర్మండ్ స్పిట్జ్ 12 ముఖాల గుల్లకు రంధ్రాలు చేసి 500 డాలర్లకే అమ్మడంతో బడులు కూడా కొనగలిగాయి. 1983లో కంప్యూటరు చుక్కలు గీసే డిజిస్టార్ అనే ప్రొజెక్టరు వచ్చింది. మన ప్లానెటోరియాన్ని 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు.

ఇప్పుడు గాలి నింపే గుడారం, మామూలు ప్రొజెక్టరు, ఒక కుంభాకార దర్పణం చాలు. దర్పణం మీద పడి బొమ్మ సాగిపోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ముందే దాన్ని ఎదురు దిశలో వంచి పంపుతుంది. గుడారం మడిస్తే కారు డిక్కీలో పడుతుంది. ఊరి బడికి తీసుకెళ్లి ఒక్క పూటలో అన్ని క్లాసులకూ ఆకాశం చూపించవచ్చు.