వైజాగ్ ఫ్లైట్ గంటంబావేనా? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా పొద్దున్నే ఒకాయన ఫోన్. "ఏడింటికి ఫ్లైట్ అండీ, ఆరుంబావుకే కౌంటర్ దగ్గర ఉన్నాం, బ్యాగు తీసుకోనంటున్నారు." గొంతు వణుకుతోంది. వైజాగ్‌లో వాళ్ల అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారు. కూకట్‌పల్లిలో పదిహేనేళ్లుగా టికెట్లు బుక్ చేస్తున్నాను. ఇలాంటి ఫోన్ వచ్చిన ప్రతిసారీ నా కడుపులో దేవినట్టు ఉంటుంది.

అపోహ: టికెట్ మీద ఏడు గంటలని ఉంటే ఏడింటిలోపు వెళితే చాలు. వెబ్ చెకిన్ చేసుకుంటే ఇంకా ఆలస్యంగా వెళ్లినా ఫర్వాలేదు.

వాస్తవం: ఏడు గంటలన్నది విమానం కదిలే సమయం. మన దేశంలో తిరిగే చాలా ఫ్లైట్లకు కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అంటే ఆరింటికే. బోర్డింగ్ గేటు 20, 25 నిమిషాల ముందు మూతపడుతుంది. వెబ్ చెకిన్ వల్ల సీటు ఖాయమవుతుంది, అంతే. పెద్ద బ్యాగు ఉంటే దాన్ని ఆ గంట గడువులోపే ఇవ్వాలి. ఈ ఒక్క పొరపాటుకు ఎంతమంది డబ్బు పోయిందో! అప్పటికప్పుడు తర్వాతి ఫ్లైట్‌కి కొంటే రెండింతలు, మూడింతలు కట్టాల్సి వస్తుంది.

ఇక ప్రయాణ సమయం లెక్క ఎక్కడ తప్పుతుందంటే, గూగుల్‌లో దూరం చూసి వేగంతో భాగిస్తారు. శంషాబాద్ నుంచి వైజాగ్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డున అయితే 620 దాకా, వందే భారత్ రైలు చుట్టూ తిరిగి వెళ్లే దారిలో దాదాపు 700. జెట్ గంటకు 800 పైన వెళుతుంది కాబట్టి నలభై నిమిషాలే అనుకుంటారు. టికెట్ మీద గంటంబావు ఎందుకంటే, గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క అది. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించడం అన్నీ అందులోనే.

ఇంటి నుంచి ఇంటికి అయితే నేను అయిదున్నర గంటలు వేసుకోమంటాను. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ 40 కిలోమీటర్ల పైనే, ఆఫీసు వేళల్లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసరికే ముప్పావుగంట పోతుంది. అయినా ఎనిమిదిన్నర గంటల వందే భారత్ కన్నా తొందరే, కానీ గంటంబావు మాత్రం కాదు.

మిగతావి చిన్నవి. పంకాల విమానం పాతది, ప్రమాదం అన్నది ఉత్త పుకారు. ఏటీఆర్ అనే ఈ చిన్న విమానంలో పంకాను తిప్పేది జెట్‌లో ఉండే లాంటి టర్బైన్ ఇంజినే. గంటకు 500 దాకానే వెళుతుంది కాబట్టి ఎక్కువ సమయం చూపిస్తుంది, రాజమండ్రి లాంటి దగ్గరి ఊళ్లకు అది చాలు. రాను, పోను సమయాల్లో అయిదారు నిమిషాల తేడా కనిపిస్తే పైన గాలి వల్ల కావచ్చు, టెన్షన్ పడకండి.

పొద్దున ఫోన్ చేసినాయనకు మధ్యాహ్నం ఫ్లైట్‌లో సీటు దొరికింది. పోయిన టికెట్‌లో ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు తిరిగి ఇవ్వాల్సిందే కాబట్టి వాటికి అప్లై చేశాను. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, "అమ్మ నన్ను గుర్తుపట్టిందండీ" అన్నారు.