పెంపుడు బాతుల్ని ఎవరి చేతిలో పెట్టాలి: అపోహలు - వాస్తవాలు

బాతుపిల్లలు అమ్ముడుపోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు, ఆ పసుపు నూగు చూస్తే ఎవరైనా కరిగిపోతారు. వాటిని చివరిదాకా చూసుకునేవాళ్లని వెతికి పట్టుకోవడమే అసలు పని. నేను బాతుల్ని పెంచి, పెంచుకుంటామన్నవాళ్లకి ఇస్తుంటాను. ఈ పనిలో పదేపదే వినిపించే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: ఇంటి పక్కనే చెరువుంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఇచ్చేయొచ్చు.

వాస్తవం: నేను ఎక్కువ ప్రశ్నలు వేసేది వీళ్లకే. చెరువుంది కదా, వాటి తిండి అవే చూసుకుంటాయన్న ధీమాతో సరిగ్గా దాణా వెయ్యరు, చీకటి పడ్డాక లోపలికి తోలరు. ఇళ్లలో ఎక్కువగా పెంచే తెల్ల పెకిన్ లాంటి బరువైన బాతులు ఎగిరి తప్పించుకోలేవు, కుక్క వెంటపడితే అంతే సంగతులు. నిజానికి బాతుకి చెరువే ఉండాలని లేదు. తల మొత్తం ముంచి కళ్లూ ముక్కూ కడుక్కునేంత లోతున్న నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, స్నానానికి ఒక తొట్టి ఉండాలి. కాకపోతే ఆ తొట్టిని చూస్తుండగానే బురద చేసేస్తాయి. అందుకే నీళ్లు రోజూ ఎవరు మారుస్తారు, పారబోసిన మురికినీళ్లు ఎటు పోతాయి అని అడుగుతాను. దీనికి ఠక్కున జవాబు చెప్పేవాళ్లు ఎంత తక్కువో మీరే చూస్తారు.

అపోహ: ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడిగితే మనిషి తెలిసిపోతాడు.

వాస్తవం: ఎలా అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. "షెడ్ ఉందా?" అంటే ఉందనే అంటారు, "బాగా చూసుకుంటారా?" అంటే కాదనేవాళ్లు ఎవరు? అవును, కాదు అని తేల్చేసే వీలున్న ప్రశ్నలు వద్దు. "రాత్రి ఎక్కడ పడుకుంటాయి, తలుపు ఎవరు వేస్తారు, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు?" అని అడిగి ఊరుకోండి, మీరు మధ్యలో అందించకండి. పెంచిన అనుభవం ఉన్నవాళ్లు గడియ గురించో, అడుగున తవ్వుకుని లోపలికొచ్చే జంతువుల గురించో వాళ్లంతట వాళ్లే ఎత్తుతారు. కోళ్లకి కట్టే పల్చటి జాలీ బాతుని లోపల ఉంచుతుందేమో గానీ కుక్కని బయట ఉంచదు. షెడ్ ఫొటో పంపమంటాను. ఇంకా కట్టలేదని ఉన్నమాట చెప్పినవాళ్లని వదులుకోను, కట్టాక రమ్మంటాను.

అపోహ: ఒక్కదాన్నే పెంచితే మనకి బాగా మాలిమి అవుతుంది.

వాస్తవం: అవుతుంది, అదే సమస్య. మనిషి ఆఫీసుకి వెళ్లగానే అరుస్తూ తిరుగుతుంది. ఇంట్లో ముందే బాతులుంటే తప్ప ఒంటి బాతుని ఇవ్వను. కోళ్లున్నాయి కదా అంటారు, బాతుకి బాతే తోడు.

అపోహ: ఒక మగ, ఒక ఆడ ఇస్తే చక్కటి జంట.

వాస్తవం: ఫొటోకి చక్కగానే ఉంటుంది. ఒక మగబాతుకి నాలుగైదు ఆడబాతులైనా ఉంటే మంచిది. ఒక్క ఆడదే ఉంటే మగది జతకట్టడానికి అస్తమానం దాని మీదికి ఎక్కుతూనే ఉంటుంది, మెడ వెనక ఈకలు ఊడి, చర్మం పుండు పడుతుంది. పోనీ పిల్లలప్పుడే మగా ఆడా చూసి ఇద్దామంటే మామూలు కంటికి తెలియదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి గొంతు మారుతుంది: గట్టిగా క్వాక్ క్వాక్ అని అరిచేది ఆడది, బొంగురుగా గుసగుసలాడేది మగది. తర్వాత చాలా జాతుల్లో మగవాటికి తోక దగ్గర ఒకటి రెండు ఈకలు పైకి చుట్టుకుంటాయి. అందుకే పిల్లల్ని తీసుకునే ప్రతివాళ్లనీ "అన్నీ మగవే అని తేలితే ఏం చేస్తారు?" అని అడుగుతాను. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే. "కోసుకుంటాం" అని మొహం మీద చెప్పినవాళ్ల మీద నాకు కోపం లేదు, కాకపోతే నా బాతులు వాళ్లకి కాదు. "చెరువులో వదిలేస్తాం" అంటే మాట అక్కడితో ఆపేస్తాను. "మీకే తిరిగిస్తే తీసుకుంటారా?" అని అడిగినవాళ్లు దొరికితే టెన్షన్ సగం తగ్గినట్టే. తీసుకుంటానని కాగితం మీద రాసిస్తాను కూడా.

అపోహ: ధర ఎక్కువ పెడితే మంచివాళ్లే వస్తారు.

వాస్తవం: డబ్బున్నవాళ్లు వస్తారు. అలాగని ఊరికే ఇచ్చేస్తామని ప్రకటిస్తే వంటకి పట్టుకెళ్లేవాళ్లు ముందుంటారు. బేరమాడేవాళ్లని చూసి మొహం తిప్పుకోకండి, దాణా ఖర్చు లెక్కేసుకుని మాట్లాడేవాళ్లు వాళ్లలోనే ఉంటారు.

అపోహ: పిల్లాడి పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ గిఫ్ట్‌గా బాగుంటుంది.

వాస్తవం: ఇవ్వను. సరిగ్గా చూసుకుంటే బాతు ఎనిమిది, పది, పన్నెండేళ్లు కూడా బతుకుతుంది. ఈలోపు పిల్లాడు కాలేజీకి వెళ్లిపోతాడు, రెట్ట ఎత్తేది వాళ్లమ్మ. ఆవిడతో మాట్లాడాకే మిగతా సంగతి.

అపోహ: "బ్రెడ్ పెడతాం" అన్నవాళ్లకి అస్సలు ఇవ్వకూడదు.

వాస్తవం: తెలియకపోవడం నేరం కాదు. బాతుపిల్లలకి కోడిపిల్లల కన్నా నయాసిన్ (ఒక బి విటమిన్) ఎక్కువ కావాలి, చాలకపోతే కాళ్లు వంకర పోతాయి, కాబట్టి కోళ్ల దాణా వేస్తే అందులో బ్రూయర్స్ ఈస్ట్ (నయాసిన్ ఉండే ఈస్ట్ పొడి) కలపాలి అని చెప్తాను. అప్పుడు "ఎంత కలపాలి?" అని అడిగేవాళ్లుంటారు, "మాకు తెలుసులెండి" అనేవాళ్లుంటారు. ఎవరికిస్తానో మీకు చెప్పక్కర్లేదు.

అపోహ: చేతిలో పెట్టేశాక మన పని అయిపోయింది.

వాస్తవం: వారం పోయాక ఒక మెసేజ్ పెట్టండి. ఫొటో కాదు, నడుస్తున్న వీడియో అడగండి. ఫొటోలో అన్ని బాతులూ బాగానే కనబడతాయి, కుంటు నడకలోనే బయటపడుతుంది. కుంటుతుంటే పాదం తిప్పి చూపించమనండి. అడుగున వాపు, మధ్యలో నల్లటి పొక్కు ఉంటే పడుకునే చోటు గచ్చుగానో, ఎప్పుడూ తడిగానో ఉందేమో అడగండి. పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లమని చెప్పండి.