గట్టి లెన్సుతో కోన్ తగ్గుతుందా? 1982లో తేలిన సంగతి

కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పలచబడి కోన్‌లా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రుల మధ్య భీమవరం నుంచి అమలాపురం దాకా ఓ మాట మళ్లీ తిరుగుతోంది. పళ్లకు క్లిప్పు వేసినట్టు గట్టి కాంటాక్ట్ లెన్సు కార్నియాను వెనక్కి నొక్కుతుందట, ఇక కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స దేనికని. 1888లో పారిస్‌లో యూజీన్ కాల్ట్ గాజు లెన్సు పెట్టిందీ ఈ ఆశతోనే. ప్లాస్టిక్ లెన్సులు వచ్చాక కూడా చాలామంది కార్నియా కంటే చదునైన లెన్సును కోన్ కొన మీద ఆనించేవారు.

1982లో అమెరికా కంటి నిపుణుడు డొనాల్డ్ కోర్బ్ బృందం ఒకే రోగికి ఒక కంట్లో చదునైన పెద్ద లెన్సు, రెండో కంట్లో కొనకు తగలని చిన్న లెన్సు పెట్టి చూసింది. కార్నియా మీద కొత్త మచ్చలు చదును లెన్సు కళ్లలోనే పడ్డాయి. చూసింది కొద్దిమందినే అయినా, అణిచి ఆపడమనే ఆలోచన అక్కడే కూలింది. 1995లో అమెరికాలో మొదలైన క్లెక్ (CLEK) అధ్యయనం 1,209 మంది కెరటోకోనస్ రోగులను ఏళ్ల తరబడి గమనించింది. 52 డయాప్టర్లు (కార్నియా వంపును కొలిచే ప్రమాణం) దాటిన వంపు, 20 ఏళ్ల లోపు వయసు, లెన్సు వాడకం ఉన్నవాళ్లలో మచ్చలు ఎక్కువని తేల్చింది. వంపు ముదిరినవాళ్లకే లెన్సు అవసరం ఎక్కువ కాబట్టి తప్పంతా లెన్సుదే అనలేం.

మరి కార్నియా ఆకారాన్ని మ్యాపులా చూపే టోపోగ్రఫీ పరీక్షలో కోన్ తగ్గినట్టు ఎందుకు కనిపిస్తుంది? లెన్సు తీసిన పూటే తీసిన మ్యాప్ అది. పైపొర అణిగి ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. ఆ లేవడాన్ని చూసి జబ్బు ముదిరిందని పొరబడే ప్రమాదమూ ఉంది. అందుకే కనీసం రెండు వారాలు లెన్సు ఆపి, వరసగా తీసిన రెండు మ్యాపులు ఒకేలా వచ్చేదాకా చూడాలి. చదువుకు ఇబ్బందైతే ఒక్కో కన్ను చొప్పున ఆపొచ్చు.

లెన్సు చూపునిస్తుందన్నది మాత్రం నిజం. వంకర కార్నియాకూ లెన్సుకూ మధ్య కన్నీరు నిండి, నునుపైన పైతలం దొరుకుతుంది. ముదరకుండా ఆపే పని 2003లో జర్మనీలోని డ్రెస్డెన్ బృందం ఫలితాలు ప్రకటించిన క్రాస్‌లింకింగ్‌ది. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని 30 నిమిషాలు పడనిస్తారు. ఈ పద్ధతికి పైపొర తీశాక కార్నియా 400 మైక్రాన్లయినా ఉండాలి. ఆ తర్వాత కూడా చాలామందికి లెన్సు కావాలి.

లెన్సు ఇచ్చేటప్పుడు ఫ్లోరెసిన్ (నీలికాంతిలో పచ్చగా మెరిసే రంగు) వేసి నీలికాంతిలో చూపించమని అడగండి. కొన దగ్గర సన్నటి తాకిడి, చుట్టూ పలచటి పచ్చదనం ఉంటే సరే. నడుమ పచ్చదనం లేక పెద్ద మేర నల్లగా కనిపించి, అంచులు లేచి, లెన్సు అటూ ఇటూ ఊగితే మార్పించాలి. కడగడానికి కుళాయి నీళ్లూ చెరువు నీళ్లూ వద్దు, కంటికి ఇన్ఫెక్షన్ తెచ్చే అకాంతమీబా అనే సూక్ష్మజీవి చేరే ప్రమాదం ఉంది.