లాగ్‌లతో డిస్కు నిండిపోతోందా? లినక్స్ సర్వర్లపై కొన్ని అపోహలు, వాస్తవాలు

లినక్స్ సర్వర్ల బాగోగులు చూడటం నా వృత్తి. అర్ధరాత్రి ఫోను మోగిందంటే చాలాసార్లు కారణం ఒకటే: లాగ్‌లు, అంటే ప్రోగ్రామ్‌లు తమ పనిని వరుసలుగా రాసుకునే ఫైళ్లు, పెరిగి డిస్కు నిండిపోయింది. ఆ కంగారులో మనం చేసే పొరపాట్లకు మూలం కొన్ని పాత నమ్మకాలు.

అపోహ: పెద్ద లాగ్ ఫైలును తొలగిస్తే చోటు వచ్చేస్తుంది.

నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఒక రాత్రి /వార్ (లాగ్‌లు ఉండే విభాగం) నూటికి నూరు శాతం నిండింది. వెతికితే 38 జీబీల ఫైలు ఒకటి దొరికింది. వెంటనే తొలగించి మళ్లీ డీఎఫ్ (డిస్కు ఎంత నిండిందో చూపే ఆదేశం) చూశాను. అదే నూరు శాతం! లినక్స్‌లో ఫైలు పేరు వేరు, అందులోని సమాచారం వేరు. తొలగించినప్పుడు పోయేది పేరే. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి ఉంచినంతసేపు చోటు ఖాళీ కాదు, రాత కూడా ఆగదు. ఇలా పేరు పోయినా బతికున్న ఫైళ్లను ఎల్‌సాఫ్ అనే ఆదేశం చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాకే నాకు చోటు దక్కింది. ఇప్పుడైతే ముందు చివరి వెయ్యి వరుసలను వేరే డిస్కులో దాచి, ఆ తర్వాత ట్రంకేట్ ఆదేశంతో ఫైలును తొలగించకుండానే ఖాళీ చేస్తాను. ఆ వెయ్యి వరుసలు లేకపోతే ఉదయానికి కారణం చెప్పడానికి చేతిలో ఏమీ మిగలదు.

అపోహ: లాగ్‌రొటేట్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

లాగ్‌రొటేట్ అంటే లాగ్‌లు పెరిగిపోకుండా పాతవాటిని పక్కకు తీసి, తర్వాత చెరిపేసే ప్రోగ్రామ్. అది నిత్యం కాపలా కాసేది కాదు. మామూలుగా రోజుకు ఒక్కసారి నడుస్తుంది. మీరు 100 ఎంబీల హద్దు రాసినా, నడిచినప్పుడు మాత్రమే దాన్ని చూస్తుంది. ఉదయం మొదలైన లాగ్ వరుసల వరద సాయంత్రానికే డిస్కును నింపేస్తే అది అడ్డుకోలేదు. ఎక్కువగా రాసే ప్రోగ్రామ్‌లు ఉన్న సర్వర్లలో దాన్ని గంటకోసారి నడపండి. కాపీట్రంకేట్ పద్ధతి వాడేవారికి మరో మాట: నకలు తీయడానికీ అసలును ఖాళీ చేయడానికీ మధ్య వచ్చిన వరుసలు పోవచ్చు. పైగా నకలుకు కూడా డిస్కులో చోటు కావాలి.

అపోహ: జర్నల్‌డీకి హద్దులు ఉన్నాయి, కాబట్టి నష్టం లేదు.

జర్నల్‌డీ అంటే సర్వీసుల (తెర వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్‌ల) సందేశాలను ఒకచోట భద్రపరిచే లినక్స్ భాగం. దానికి హద్దులు ఉన్న మాట నిజం. మనం ఏమీ మార్చకపోతే అది ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం వరకు, గరిష్ఠంగా 4 జీబీలు వాడుకుంటుంది. డిస్కు క్షేమమే. కానీ ఆ చోటు అన్ని సర్వీసులకూ ఉమ్మడి. ఒక సర్వీసు అదేపనిగా రాస్తుంటే, హద్దు దాటగానే పాత సందేశాలు చెరిగిపోతాయి. పోయిన వారం సర్వర్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారో చెప్పే వరుసలు కూడా వాటితోపాటే పోతాయి. ఇంకొకటి, ఒక సర్వీసు 30 సెకన్లలో హద్దు (మామూలుగా 10,000 సందేశాలు, డిస్కులో ఖాళీ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ) దాటితే మిగిలినవాటిని జర్నల్‌డీ వదిలేస్తుంది. ఎన్ని వదిలేసిందో ఒక వరుసలో రాస్తుంది. సరిగ్గా ఆ వదిలేసినవాటిలోనే మనకు కావలసింది ఉండవచ్చు. అలాంటి సర్వీసుకు విడిగా జర్నల్ కేటాయించడం నాకు నచ్చిన మార్గం.

అపోహ: పాత లాగ్‌లతో పని లేదు.

మన దేశంలో సైబర్ భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. చోటు కోసం చెరిపే ముందు వాటిని మరో యంత్రానికి తరలించండి.

అపోహ: సందేశాలు ఆపేస్తే సమస్య తీరినట్లే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కొన్ని కంప్యూటర్లలో పీసీఐఈ బస్ ఎర్రర్, కరెక్టెడ్ అనే వరుస లక్షల సార్లు వస్తుంది. పీసీఐఈ అంటే కంప్యూటర్‌లోని కార్డులను కలిపే లింకు. హార్డ్‌వేర్ ఆ దోషాన్ని తానే సరిదిద్దుకుంది, సమాచారం పోలేదు. చాలామంది వెంటనే లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు నోఏఈఆర్ (ఈ దోషాల నివేదికలు వద్దు) అని చెప్పి నోరు మూయిస్తారు. దాంతో రేపు సరిదిద్దలేని దోషం వచ్చినా ఆ వివరం మనకు అందదు. ముందు కార్డును తీసి సరిగ్గా బిగించండి, యంత్రాన్ని మొదలుపెట్టే బయోస్‌ను నవీకరించండి. తగ్గకపోతే ఆ లింకుకు విద్యుత్ పొదుపు చేసే ఏఎస్‌పీఎంను ఆపి చూడండి. చాలాసార్లు అక్కడితో తగ్గుతుంది.

ఏ వరద వచ్చినా నేను మొదట లెక్క పెడతాను. తేదీ, సమయం తీసేసి, ఒకే రకం వరుసలను సార్ట్, యూనిక్ ఆదేశాలతో లెక్కిస్తే ఎవరు రాస్తున్నారో కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. ఆ రాత్రి వచ్చిన వరద నిండా దాదాపు ఒకటే వరుస: డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పు. మధ్యాహ్నం ఎవరో పాస్‌వర్డ్ మార్చారు, ఈ ప్రోగ్రామ్‌లో మార్చలేదు. అది క్షణం ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, ప్రతిసారీ ఒక వరుస రాసింది. పాస్‌వర్డ్ సరిచేశాం. విఫలమైన ప్రతిసారీ కాసేపు ఆగి ప్రయత్నించేలా ఆ వారమే ప్రోగ్రామ్‌ను కూడా మార్పించాం.