అట్ట మీది పెన్సిల్ రాత: టెక్సస్ కొన్‌హుంతో సంగీతంపై అపోహలు - వాస్తవాలు

శనివారాలు నేనేం చేస్తానో చుట్టాలకు చెప్పడం కష్టం. "మెక్సికన్ పాటలు కాపీ చేస్తాడట" అని మా బావ ఊళ్లో అందరికీ చెప్పేశాడు. పూర్తిగా తప్పేం కాదు. శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్‌లో ఉన్న ఒక చిన్న సంగీత బృందంతో కలిసి పాత రికార్డులు, క్యాసెట్లు, ఫొటోలు, డాన్సు పోస్టర్లు సేకరించి డిజిటల్‌లోకి ఎక్కిస్తుంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం టేపులు. తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో మనవాళ్ల దగ్గరా, ఇక్కడి తెల్లవాళ్ల దగ్గరా, ఒక్కోసారి ఈ సంగీతంలో పుట్టిన కుటుంబాల పిల్లల దగ్గరా పదే పదే విన్న మాటలు ఇవి.

అపోహ: లాటినో సంగీతమంటే సల్సా, కాకపోతే పెద్ద టోపీల మరియాచీ

సల్సా న్యూయార్క్‌లో, పోర్టోరికో, క్యూబా నుంచి వచ్చినవాళ్ల మధ్య పెరిగింది. మరియాచీ మెక్సికోలోని హలిస్కో వైపుది. మా ఊరిది కొన్‌హుంతో. బటన్ అకార్డియన్, బాహో సెస్తో అనే పన్నెండు తీగల వాయిద్యం, బేస్, డ్రమ్స్. నలుగురు మనుషులుంటే బ్యాండ్ అయిపోయినట్టే. పెళ్లికి, అమ్మాయికి పదిహేనేళ్లు నిండితే చేసే కిన్సెఆన్యేరాకు, చర్చి జాతరకు, ఆదివారం సాయంత్రం డాన్సు హాలుకు ఇదే కావాలి.

అకార్డియన్ చూడగానే మనవాళ్లు "మన హార్మోనియమేగా" అంటారు. చుట్టరికం ఉన్న మాట నిజమే. రెండింటి లోపలా గాలికి కంపించే లోహపు రీడ్లే. కానీ హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకే స్వరం. ఇక్కడ అదే బటన్ నొక్కి తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే ఇంకొకటి. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మా పెదనాన్న ఇక్కడికి వచ్చినప్పుడు చేతికిస్తే, పది నిమిషాలు కుస్తీ పట్టి "ఇది తిరకాసు పెట్టెరా" అని పక్కన పెట్టేశారు.

అపోహ: వలస వచ్చినవాళ్లు మెక్సికో నుంచి మోసుకొచ్చిన సంగీతం ఇది

టెక్సస్ 1836 దాకా మెక్సికోలో భాగం. 1845లో అమెరికాలో కలిసింది. ఆ తర్వాత అమెరికా-మెక్సికో యుద్ధం ముగిసి, 1848 ఒప్పందంతో రియో గ్రాండే నది సరిహద్దు అయింది. అప్పటికే తరాలుగా ఇక్కడ పశువులు మేపుకుంటూ, పొలాలు చేసుకుంటూ ఉన్న కుటుంబాలున్నాయి. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని తెహానోలు, అంటే టెక్సస్ మెక్సికన్లు, అనే మాట అందుకే.

ఇక అకార్డియన్ సంగతి. అది 19వ శతాబ్దంలో జర్మన్, చెక్ వలసదారుల చుట్టూ ఈ ప్రాంతంలో పాతుకుంది. వాళ్ల పోల్కా, షాటిష్ నాట్యాలను తెహానోలు తీసుకుని, తమ బాహో సెస్తో కలిపి, తమ నడకకు తగ్గట్టు మార్చుకున్నారు. పాట మాత్రం స్పానిష్. అందులోనూ కొర్రీదో అనే కథాగీతం ఉంది. 1901లో గ్రెగోరియో కోర్తెస్ అనే రైతును గుర్రం గురించి అడగడానికి ఒక షెరీఫ్ వచ్చాడు. నువ్వు గుర్రం మార్పిడి చేశావా అంటే కోర్తెస్ లేదన్నాడు. ఆయన మార్చుకున్నది ఆడ గుర్రం, స్పానిష్‌లో రెండింటికీ వేర్వేరు మాటలు. మధ్యలో దుబాసీ సరిగ్గా చెప్పలేదు. కాల్పులు జరిగాయి, షెరీఫ్ చనిపోయాడు, తర్వాత పది రోజులు వందల మంది కోర్తెస్ వెంటపడ్డారు. మనకు అల్లూరి మీద బుర్రకథ ఎలాగో, వీళ్లకు కోర్తెస్ మీద కొర్రీదో అలాగ. ఇది ఎక్కడి నుంచో వచ్చిన పాట ఎలా అవుతుంది?

అపోహ: యూట్యూబ్‌లో పెట్టేస్తే కాపాడినట్టే

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట ఇదే, ఎందుకంటే మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

పని మొదలుపెట్టిన ఏడాది ఒక కుటుంబం గ్యారేజీలోంచి రెండు పెట్టెల రికార్డులు వచ్చాయి. నిమిషానికి 45 చుట్లు తిరిగే 45లు ఎక్కువ, అడుగున 78 చుట్లు తిరిగే పాతకాలపు 78లు కొన్ని. నేను శుభ్రత పిచ్చోణ్ణి. ఒక్కొక్కటీ తుడిచి, కొత్త తెల్లటి కవర్లలో పెట్టి, పాత చిరుగు కవర్లన్నీ చెత్తబుట్టలో పారేశాను. తర్వాతి వారం ఆ ఇంటి కోడలు వచ్చి, "మా మామగారు కవర్ల మీద పెన్సిల్‌తో రాసుకునేవారు, ఏ రోజు, ఏ హాల్లో, ఎవరు వాయించారో. అవి ఏవీ?" అని అడిగింది. చెత్త బండి మంగళవారమే వెళ్లిపోయింది. పాటలన్నీ ఇప్పటికీ మా డ్రైవ్‌లో చక్కగా ఉన్నాయి. వాయించినవాళ్ల పేర్లే లేవు.

ఈ సంగీతంలో పోయేది ముందు పేర్లే. నార్సీసో మార్తీనెస్‌ను కొన్‌హుంతో పితామహుడంటారు. 1936లో బ్లూబర్డ్ అనే రికార్డు కంపెనీకి మొదటి రికార్డులు ఇచ్చాడు. అకార్డియన్ ఎడమచేతి బేస్ భాగాన్ని దాదాపు వదిలేసి, ఆ బరువంతా బాహో సెస్తోకు అప్పగించి, కుడిచేత్తో రాగం మీదే దృష్టి పెట్టాడు. ఆ తర్వాతి వాళ్లంతా అదే దారి. ఆ బరువు మోసిన బాహో కళాకారుడు సాంతియాగో అల్మెయిదా. ఆయన లేకపోతే ఆ దారే లేదు. అయినా పది మందిని అడిగితే ఇద్దరు కూడా ఆ పేరు చెప్పలేరు. మార్తీనెస్ పేరుకు కూడా దెబ్బ తగిలింది. అవే రికార్డులను కంపెనీ లూసియానాలో ఫ్రెంచ్ మూలాలున్న కేజన్ జనానికి "లూసియానా పీట్" అనే పేరుతో, పోలిష్ జనానికి ఒక పోలిష్ బ్యాండ్ పేరుతో అమ్ముకుంది. పితామహుడు మాత్రం బతుకుతెరువుకు ట్రక్కు నడిపాడు, పొలం పని చేశాడు, చివర్లో బ్రౌన్స్‌విల్ జూలో జంతువులను చూసుకున్నాడు.

అందుకే ఇప్పుడు మా వరస మారింది. పెట్టె తెరవగానే ముందు ఫొటో తీస్తాం, కవరు, లేబుల్, పెట్టెలో అడుగున పడున్న రసీదు సహా. ఆ తర్వాతే ముల్లు ముట్టుకునేది. 78కి వెడల్పు ముల్లు వేరే ఉంటుంది, ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున గీరుకుంటూ పోతుంది. 78లను ఆల్కహాల్‌తో తుడవకూడదు, అందులో లక్క ఉంటుంది, కరిగిపోతుంది. ఆ లక్క చాలావరకు మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దిగుమతి తగ్గేసరికి 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకానికి కోత పెట్టింది, రికార్డుల తయారీ పడిపోయింది. పెద్ద కంపెనీలు ఇలాంటి ప్రాంతీయ సంగీతాన్ని పక్కన పెట్టాయి. ఆ ఖాళీలోనే 1946లో ఆలిస్ అనే చిన్న ఊళ్లో ఐడియల్ రికార్డ్స్ పుట్టింది. తెహానోలే పెట్టుకున్న కంపెనీ.

రీళ్లది ఇంకో బాధ. డెబ్బై, ఎనభైల నాటి కొన్ని టేపులు జిగురెక్కి ప్లేయర్‌కు అతుక్కుపోతాయి. వాటిని పళ్లు ఎండబెట్టే మెషిన్‌లో 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, చల్లారాక వెంటనే కాపీ చేస్తాం. మా ఆవిడ ఆ మెషిన్ కొన్నది మామిడి ముక్కల కోసం. ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.

అపోహ: పాతవి కదా, హక్కులు ఎవరికీ ఉండవు

ఉంటాయి, మనం అనుకున్నదానికంటే చాలాకాలం ఉంటాయి. 2018లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం 1923 నుంచి 1946 మధ్య విడుదలైన రికార్డింగులకు 100 ఏళ్ల రక్షణ. 1947 నుంచి 1956 మధ్యవాటికి 110 ఏళ్లు. అంటే మార్తీనెస్ 1936 రికార్డు 2037 జనవరి 1న గానీ అందరిదీ కాదు. పాట రాసినవారి హక్కు మళ్లీ వేరు.

ఇంట్లో తీసిన క్యాసెట్ల సంగతి ఇంకా సున్నితం. ఒకసారి తల్లి ఇచ్చిన టేపు మేం ఆన్‌లైన్‌లో పెడితే, వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. టేపులో పాట మధ్యలో వాళ్ల నాన్న తాగి మాట్లాడిన మాటలున్నాయి. తీసేశాం. ఆయన కోపం న్యాయమే. అప్పటి నుంచి కాగితం మీద సంతకం లేనిదే ఏదీ బయటికి పెట్టం. కొన్ని మా గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడానికి మాత్రమే.

అపోహ: ఆడవాళ్లు పాడతారేమో గానీ వాయించరు

లిదియా మెందోసా 1928లోనే కుటుంబంతో కలిసి శాన్ ఆంటోనియోలో రికార్డులిచ్చింది. తర్వాత పన్నెండు తీగల గిటారు తనే వాయిస్తూ ఒంటరిగా పాడి 1934లో ఊరూరా పేరు తెచ్చుకుంది. అంతకుముందు బజారు మైదానంలో చిల్లర డబ్బులకు పాడిన పిల్ల. 1982లో జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్పులు, మొదలుపెట్టినప్పుడు మొదటి జట్టులోనే ఆమె ఉంది. హ్యూస్టన్‌లో వెంతూరా అలోన్సో అకార్డియన్ వాయిస్తూ బ్యాండ్ నడిపింది. మా ఊరి ఎవా ఇబార్రాకు అకార్డియన్ మీదే 2017లో అదే ఫెలోషిప్ వచ్చింది.

వాయించిన ఆడవాళ్లు లేక కాదు. ఆడపిల్లను రాత్రి బారుకు పంపేదెవరు? చాలామంది వంటింటి బల్ల దగ్గరే వాయించారు, అక్కడికి రికార్డింగ్ కంపెనీ రాలేదు. మా దగ్గరున్న క్యాసెట్లలో ఆడవాళ్ల అకార్డియన్ వినిపించేవి ఏడు. ఏడింటి వెనకా గిన్నెల చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడు తీసేద్దామా అని ఒక కుర్రాడు అడిగాడు. వద్దన్నాం.

అపోహ: వారసత్వమంటే ఉన్నదున్నట్టు, మార్పు లేకుండా ఉంచాలి

మా బృందంలోనే దీని మీద నెలకోసారి గొడవ. కీబోర్డు పెట్టిన బ్యాండ్‌ను మా కార్యక్రమానికి పిలవకూడదని ఒక పెద్దాయన పట్టు. ఆయన మీద నాకు గౌరవమే గానీ, చరిత్ర ఆయన వైపు లేదు. 1930ల్లో సాంతియాగో హిమెనెస్ తన బ్యాండ్‌లోకి పెద్ద బేస్ ఫిడేలు తెచ్చాడు. 1940ల్లో వాలేరియో లొంగోరియా వాయిద్యానికి గొంతు కలిపాడు, డ్రమ్స్ పెట్టాడు. తోనీ దె ల రోసా పోల్కా వేగం తగ్గించాడు. ఆ నెమ్మది మీదే తక్వాచీతో అనే నాట్యం పుట్టింది, పోసం అనే జంతువు నడిచినట్టు నేలకు పాదాలు రాసుకుంటూ, జంటలన్నీ గడియారానికి ఎదురు దిశలో హాలు చుట్టూ తిరుగుతాయి. ఎస్తెబాన్ హోర్దాన్ అయితే అకార్డియన్‌కు ఎలక్ట్రిక్ గిటారువాళ్లు వాడే ఎఫెక్టులు తగిలించాడు. సాంతియాగో కొడుకు ఫ్లాకో హిమెనెస్ రాక్ సంగీతకారులతో కలిసి వాయించి, 2025లో కన్నుమూసేదాకా ఈ వాయిద్యాన్ని ప్రపంచమంతా తిప్పాడు. ఇందులో ఏది కల్తీ? ఏ ఏడాది దగ్గర గీత గీద్దాం?

ఇంకో రెండు, త్వరగా

"కుర్రాళ్లకు ఆసక్తి లేదు." అకార్డియన్ నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. దక్షిణ టెక్సస్‌లో కొన్ని హైస్కూళ్లకే కొన్‌హుంతో బ్యాండ్‌లున్నాయి, పోటీలున్నాయి. మా ఊళ్లో గ్వాదలూపే కల్చరల్ ఆర్ట్స్ సెంటర్ 1982లో మొదలుపెట్టిన తెహానో కొన్‌హుంతో ఫెస్టివల్‌కు వెళితే తెలుస్తుంది. మాకు దొరకనిది బాహో సెస్తో పట్టుకునే పిల్లలు. ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టించుకునే వాయిద్యం కాదుగా.

"పెద్ద యూనివర్సిటీలు ఇదంతా చేసేశాయి కదా." క్రిస్ స్ట్రాక్‌విట్స్ అనే ఒకాయన జీవితమంతా కూడబెట్టిన రికార్డులతో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఫ్రొంతేరా కలెక్షన్ ఉంది, లక్షకు పైగా రికార్డింగులు. చాలా గొప్ప పని, మేమూ రోజూ వాడుకుంటాం. కానీ అక్కడున్నది మార్కెట్‌లోకి వచ్చినవి. మా వీధి పెళ్లిలో తీసిన క్యాసెట్ అక్కడికెందుకు వెళుతుంది? దానికి కావలసింది ఒక బల్ల, ఒక స్కానర్, ఒక రికార్డ్ ప్లేయర్, కాఫీ, కాసిన్ని తీపి రొట్టెలు, వచ్చినవాళ్లతో రెండు గంటలు కూర్చునే ఓపిక.

మొన్న అలాగే కూర్చున్నాం. మేమంతా తీయా అని, అంటే పిన్నీ అని, పిలిచే ఎనభై దాటిన ఒక పెద్దావిడ ముందు ఒక ఫొటో పెట్టాను. నలుగురున్నారు. ముగ్గురి పేర్లు దొరికాయి, బాహో వాయించే అతని ముఖం మీద మైకు నీడ పడి ఆనవాలు తెలియడం లేదు. ఆవిడ ముఖం వైపు చూడనే లేదు. భూతద్దం తీసుకుని వాయిద్యం మీద పెట్టింది. మీటి మీటి చెక్క అరిగిన చోట అతికించిన చిన్న పలక ముక్క ఉంది.

"ఇది మా ఆయనదయ్యా" అంది. "ఒక్క రాత్రికని వీడికి అరువిచ్చాడు. అందరూ కొనేహో అనేవాళ్లు, అసలు పేరు తెలీదు."

కొనేహో అంటే కుందేలు. కేటలాగులో 'బాహో సెస్తో: కొనేహో, అసలు పేరు తెలియదు, వాయిద్యం తీయా భర్తది' అని రాసి ఆవిడకు చదివి వినిపించాను.

"ఇంకా తిరిగివ్వలేదని కూడా రాయి" అంది.

రాశాను.