నెల్లూరు ఏరియాకి సినిమా కొనబోతున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

పండక్కి వచ్చే పెద్ద సినిమాలు ప్రకటించిన మర్నాటి నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆ సినిమాకి కావలి, కందుకూరు మనకేమన్నా దొరుకుతాయా? సబ్ బయ్యర్‌గా వస్తా" అంటారు. సబ్ బయ్యరంటే, ఏరియా మొత్తం కొన్న మెయిన్ బయ్యర్ దగ్గర ఒకటి రెండు ఊళ్లు కొనుక్కునేవాడు. అడిగే వీళ్లు సినిమా మనుషులు కారు. అల్లూరు వైపు రొయ్యల చెరువులు ఉన్నవాళ్లు, చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తిప్పేవాళ్లు, రైస్ మిల్లుల్లో వాటాలు ఉన్నవాళ్లు. అందరిదీ ఒకటే ధీమా: "హీరో ఆయన, డైరెక్టర్ ఈయన, ఇంక డబ్బెక్కడికి పోతుంది?" ప్రింట్ వెంట హాళ్లకి వెళ్లే రిప్రజెంటేటివ్‌గా మొదలుపెట్టి ఇప్పటిదాకా డిస్ట్రిబ్యూషన్‌లోనే ఉన్నాను. ఆ ధీమాతో ఇళ్లు తాకట్టు పెట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కాంబినేషన్ కుదిరితే చాలు, పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. మూడు రోజుల్లో వంద కోట్ల పోస్టర్లు పడట్లేదా?

వాస్తవం: పోస్టర్ మీద ఉండేది గ్రాస్. అది కూడా అమెరికా, బెంగళూరు, చెన్నై అన్నీ కలిపి. మన చేతికి వచ్చేది షేర్. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఒక్క టికెట్ మీద చూడండి. 177 రూపాయల టికెట్ తెగిందనుకుందాం. వంద దాటింది కాబట్టి 18 శాతం జీఎస్టీ, అంటే 27 రూపాయలు ప్రభుత్వానికి. మిగిలిన 150 నెట్. హాలుతో సగం-సగం ఒప్పందమైతే బయ్యర్‌కి 75. వాల్ పోస్టర్లు, ఫ్లెక్సీలు, ఆటో మైకులు ఇంకా ఇందులోంచే పోవాలి. ఆ ఖర్చులు పక్కన పెట్టినా, ముప్పై లక్షలు పెట్టినవాడికి అసలు రావాలంటే 40,000 టికెట్లు తెగాలి. పామూరులో, ఉదయగిరిలో ఆ రేటు టికెట్ ఎక్కడిది? అక్కడ ఇంకా ఎక్కువ తెగాలి.

ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్, ఆడియో హక్కుల డబ్బంతా ప్రొడ్యూసర్‌ది. బయ్యర్‌కి ఉన్న ఆధారం హాలు కౌంటర్ ఒక్కటే. అందుకే ఒకే సినిమాకి హైదరాబాద్‌లో సక్సెస్ మీట్, నెల్లూరులో అప్పులవాళ్ల తాకిడి ఒకే రోజు జరగొచ్చు. ఇద్దరి లెక్కలూ నిజమే.

"పోతే హీరోగారే తిరిగిస్తారు" అనే మాట ఇంకా ప్రమాదం. ఎన్ఆర్ఏ మీద కొన్నారంటే అది తిరిగిరాని అడ్వాన్స్, అంతే. కొందరు పెద్దమనసుతో కొంత వెనక్కి ఇచ్చిన మాట నిజమే. కానీ కాగితం మీద లేనిదాన్ని ఏ కోర్టులో అడుగుతారు? పైగా సబ్ బయ్యర్‌కి ఒప్పందం మెయిన్ బయ్యర్‌తో ఉంటుంది. ప్రొడ్యూసర్‌కి ఈయన ఎవరో కూడా తెలియదు.

అల్లూరు దగ్గర ఒకాయన అలాగే రెండు సెంటర్లు తీసుకున్నాడు. రొయ్యల పంట బాగా వచ్చిన ఏడాది అది. పెట్టిన దాంట్లో కూతురి పెళ్లికి దాచింది కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. శుక్రవారం బెనిఫిట్ షోకి బ్యాండు, పాలాభిషేకం, హాలు ముందు నిలబడటానికి చోటు లేదు. సోమవారం ఫస్ట్ షో అయ్యాక నేను అక్కడే ఉన్నాను. మేనేజర్ డీసీఆర్, అంటే ఆ రోజు కలెక్షన్ లెక్క కాగితం, తెచ్చి ఇచ్చాడు. బాల్కనీ టికెట్ల ఓపెనింగ్ నంబర్, పక్కన క్లోజింగ్ నంబర్. తీసేస్తే యాభై కూడా లేదు. ఆయన కాగితం తిప్పి వెనక ఏమన్నా రాసుందేమోనని చూశాడు. ఆ వారంలోనే ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "అన్నా, మనిషి అన్నం తినట్లేదు, ఆ డబ్బులు వస్తాయా రావా చెప్పు" అని అడిగింది. మెయిన్ బయ్యర్ మాత్రం "వచ్చే సినిమాలో సర్దుకుందాం" అన్నాడు. ఆ వచ్చే సినిమా ఇంతవరకు రాలేదు.

కొనేటప్పుడు ఆ సినిమా కథేంటని ఆయన అడగలేదు. అసలు అప్పటికి షూటింగ్ సగం కూడా కాలేదు. సీడ్ (రొయ్య పిల్లలు) వేయకముందే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చెప్పి మీ చెరువు ఎవరైనా కొంటారా? సినిమాని మాత్రం అలాగే కొంటున్నారు. సినిమాలన్నీ ఒకేలా ఎందుకుంటున్నాయని బాధపడేవాళ్లు ముందు ఇది అర్థం చేసుకోవాలి. పోస్టర్ మీద పేర్లు చూసి అడ్వాన్సులు వచ్చేస్తుంటే, కొత్త కథ కోసం ఏడాది కూర్చోవాల్సిన అవసరం ఎవరికుంటుంది? బయ్యర్లు అడిగేవి కూడా అవే ప్రశ్నలు: ఇంట్రడక్షన్ ఎలా ఉంది, ఇంటర్వెల్ బ్యాంగ్ ఉందా, ఐటం సాంగ్ ఎవరు చేస్తున్నారు? అడిగినవే వండి పెడుతున్నారు. కొత్తదనం మొదట చచ్చిపోయేది బేరం జరిగే గదిలో. ప్రేక్షకుడి దాకా అది రానే రావట్లేదు.

అపోహ: జనానికే కొత్త కథలు అక్కర్లేదు. మన సెంటర్లలో ఫైట్లుంటేనే చూస్తారు.

ఈ మాట హాలు వెనక ఎప్పుడూ నిలబడనివాళ్లది. రీళ్ల రోజుల్లో ప్రింట్ బాక్సుతో పాటు బస్సెక్కి కనిగిరి, పొదిలి, వింజమూరు తిరిగేవాణ్ణి. షో నడుస్తుంటే వెనక గోడకి ఆనుకుని జనాన్ని చూడటమే మా పని. రెండో ఫైటు మొదలవగానే తలుపులు తెరుచుకునేవి. బీడీకి, సోడాకి లేచేవాళ్లు. అదే సినిమాలో తల్లీకొడుకుల సీను ఒక్కటి సరిగ్గా పడితే, నేల టికెట్‌లో చంటిపిల్లని ఆడించే ఆమె కూడా చెయ్యి ఆపేసి చూసేది.

మన గడ్డ మీది ఉదాహరణలే ఉన్నాయి. ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన టి. కృష్ణ 1983లో 'నేటి భారతం', 1985లో 'ప్రతిఘటన' తీశారు. రెండోది పూర్తిగా విజయశాంతి భుజాల మీద నడిచిన సినిమా. రెండూ జనం ఆదరించినవే. పాటలు, ఆవేశం, చప్పట్లు కొట్టించే డైలాగులు అన్నీ ఉన్నాయి. కమర్షియల్‌గా తీయడం తప్పని నేను ఏనాడూ అనను. చెప్పడానికి ఆయన దగ్గర సొంత మాట ఉంది, తేడా అదే. 1980లో 'శంకరాభరణం' సంగతి అందరికీ తెలుసు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు గారు స్టార్ కాదు, డిప్యూటీ కలెక్టర్. మొదటి రోజుల్లో పల్చగా ఉన్న హాళ్లు నోటిమాటతో నిండాయి. మన నెల్లూరు బాలుగారికి మొదటి జాతీయ అవార్డు తెచ్చిందీ అదే.

ఆ సినిమాకి నిలదొక్కుకునే టైమ్ దొరికింది. ఇప్పుడు చిన్న సినిమా శుక్రవారం వస్తే సోమవారానికి రోజుకి ఒక్క ఆట మిగులుతుంది, అదీ మ్యాట్నీ. నోటిమాట పాకేలోపు సినిమానే ఉండదు. నన్ను బాగా కుంగదీసేది ఇదే.

అపోహ: రీమేక్ అయితే సేఫ్. కాదు. ఒరిజినల్‌ని సబ్‌టైటిల్స్‌తో చాలామంది ఫోన్లో ముందే చూసేస్తున్నారు.

అపోహ: ఓటీటీ వల్లే హాళ్లు ఖాళీ. కొంత నిజం ఉంది. కానీ నలుగురున్న కుటుంబానికి టికెట్లు, పార్కింగు, పాప్‌కార్న్ కలిపితే ఎంతవుతుందో కూడా చూడండి. వంద రూపాయలు, ఆ లోపు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాకుండా 5 శాతమే. తక్కువ రేటు పెట్టుకునే చిన్న ఊరి హాలుకి అది మంచి అవకాశం.

అపోహ: నా పాయింట్ (కథ ఐడియా) వాడేశారు, కేసు వేస్తే గెలుస్తాను. ఒంగోలు నుంచి, ఆత్మకూరు నుంచి కథలు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు అడిగేది ఇదే. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఐడియాకి కాపీరైట్ లేదు, రాసిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కాబట్టి పాయింట్ చెప్పి వదిలేయకండి బాబూ, సీన్లతో సహా మొత్తం రాయండి. రైటర్స్ అసోసియేషన్‌లోనో, కాపీరైట్ ఆఫీసులోనో రిజిస్టర్ చేయించండి. ఎవరికి వినిపించినా అదే రోజు వాళ్లకి ఒక మెయిల్ పెట్టండి, ఎప్పుడు, ఎక్కడ కథ చెప్పారో అందులో ఉండాలి. కథ వింటానికి డబ్బులడిగే మనిషి దగ్గర మాత్రం కూర్చోకండి.