బడికిచ్చిన పదివేలు ఇంట్లో మిగిలాయి

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకుని, లాటరీ తీసి ఐదు గుంపులు చేశారు. గుంపుకు వంద బడులు. ఒక గుంపుకు ఏడాదికి సుమారు పదివేల రూపాయల గ్రాంటు. ఇంకో గుంపుకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్. రెండు గుంపుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్: ఒకదాంట్లో ఎవరిది వాళ్లకే, రెండోదాంట్లో బడి మొత్తానికి కలిపి. చివరి గుంపుకు ఏమీ ఇవ్వలేదు, మిగతావాటితో పోల్చి చూడటానికి. ఏ పద్ధతి అయినా ఒక్కో బడికి అయ్యే ఖర్చు ఏడాదికి పదివేల చుట్టుపక్కలే ఉండేలా లెక్క కట్టారు.

రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించిన ప్రయోగం ఇది. నడిపించినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. విద్యారంగ ఆర్థికశాస్త్రంలో ప్రపంచమంతా ఇప్పటికీ ఉదహరించే ఈ పని మన మండలాల్లో, మన బడుల్లో జరిగింది. మన దగ్గర మాత్రం దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

లాటరీ ఎందుకు? ఎక్కువ డబ్బున్న బడినీ తక్కువ డబ్బున్న బడినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు కదా అనిపిస్తుంది. అమెరికాలో చాలాకాలం అలాగే చూశారు. 1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ బృందం లక్షలాది మంది విద్యార్థుల వివరాలు సేకరించి, పిల్లల మార్కుల్లో తేడాలకు బడి వసతుల కంటే ఇంటి పరిస్థితులే పెద్ద కారణమని తేల్చింది. 1980ల నుంచి ఆర్థికవేత్త ఎరిక్ హనుషెక్ వందలాది అంచనాలను పోగేసి, ఖర్చుకూ ఫలితాలకూ మధ్య గట్టి సంబంధమేదీ నిలకడగా కనిపించడం లేదన్నాడు. కానీ ఆ పోలికల్లో ఒక చిక్కుంది. వెనకబడిన ప్రాంతాలకు ప్రభుత్వం కావాలనే ఎక్కువ డబ్బు పంపితే, డబ్బు ఎక్కువున్న చోటే మార్కులు తక్కువ కనిపిస్తాయి. తప్పు డబ్బుది కాదు, పోలికది. లాటరీ పెడితే ఈ చిక్కు పోతుంది. ఏ బడికి డబ్బు వస్తుందన్నది ఊరి స్థితిని బట్టి కాకుండా అదృష్టాన్ని బట్టి తేలుతుంది కాబట్టి, ఆ తర్వాత కనిపించే తేడాకు కారణం డబ్బే అని చెప్పొచ్చు.

ఇప్పుడు గ్రాంటు సంగతి. ఆ డబ్బుతో గోడలు కట్టకూడదు, పిల్లలు నేరుగా వాడుకునేవే కొనాలని షరతు. బడులు నోట్‌బుక్కులు, పలకలు, రాతసామగ్రి, చార్టుల్లాంటివి కొన్నాయి. డబ్బు దారిమళ్లలేదు. మొదటి ఏడాది చివర పరీక్ష పెడితే, గ్రాంటు అందిన బడుల పిల్లలు మిగతావాళ్ల కంటే కొంచెం ముందున్నారు. తేడా చిన్నదే, ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) పదో వంతుకు కాస్త తక్కువ. వంద మంది పిల్లల్లో సరిగ్గా మధ్యన ఉన్నవాణ్ణి మూడు నాలుగు స్థానాలు పైకి జరిపితే ఎంతో అంత.

రెండో ఏడాదీ అదే గ్రాంటు, అవే బడులు. కొన్న వస్తువులూ దాదాపు అవే. ఈసారి మార్కుల్లో కలిసొచ్చింది మాత్రం సున్నా.

డబ్బు అందలేదా? అందింది. ఎవరైనా తినేశారా? లేదు. మరి ఏమైందన్నది బడి లెక్కల పుస్తకంలో దొరకలేదు, పిల్లల ఇళ్లలో దొరికింది. పరిశోధకులు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, పిల్లల చదువుకు ఎంత ఖర్చు పెట్టారో కూడా అడిగారు. మొదటి ఏడాది గ్రాంటు అనుకోకుండా వచ్చింది. అప్పటికే ఇళ్లలో పుస్తకాలూ పెన్సిళ్లూ కొనే పని అయిపోవడంతో, బడి ఇచ్చినవి వాటికి తోడయ్యాయి. రెండో ఏడాదికి విషయం ఊళ్లో అందరికీ తెలుసు. బడిలో ఇస్తారని తెలిశాక ఇంట్లో ఖర్చు తగ్గించుకున్నారు. తగ్గినది కూడా తక్కువేమీ కాదు, గ్రాంటులో పెద్ద భాగానికి సరిపడా. మేనమామ పట్టుచీర తెస్తాడని ముందే తెలిస్తే, పెళ్లికూతురి తండ్రి ఆ చీర కోసం షాపుకెళ్తాడా? చివరికి పిల్లాడి చేతిలో ఉన్న నోట్‌బుక్కుల సంఖ్య పెద్దగా మారలేదు. కొన్నదెవరో మాత్రం మారింది.

ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మిగిలిన డబ్బు బియ్యానికో, మందులకో, ఇంకో పిల్లాడి అవసరానికో వెళ్లి ఉంటుంది. ఆ కుటుంబానికి అది మేలే. అంటే బడికిచ్చిన గ్రాంటు చివరికి ఇంటికిచ్చిన నగదు సాయంలా పనిచేసింది. ఆర్థికవేత్త జిష్ణు దాస్ మరికొందరితో కలిసి ఈ ఫలితాన్ని ఆఫ్రికాలోని జాంబియాలో దొరికిన లెక్కల పక్కన పెట్టి 2013లో ప్రచురించారు. అక్కడా అదే కథ. ఏటా వస్తుందని ఖాయంగా తెలిసిన గ్రాంటు మార్కులను కదపలేదు, అనుకోకుండా వచ్చిన డబ్బు కదిపింది.

నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో అన్నింటికన్నా విలువైన ముక్క ఇదే. నోట్‌బుక్కులు చదువుకు పనికొస్తాయా అనేది ఒక ప్రశ్న. నోట్‌బుక్కులు పంచే పథకం చదువును పెంచుతుందా అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ‘అవును’ అయినా, రెండోదానికి ‘లేదు’ కావచ్చు, ఎందుకంటే మధ్యలో ఆలోచించే మనుషులున్నారు. బడ్జెట్ ప్రసంగాల్లో ఈ రెండు ప్రశ్నలనూ ఒకటే అన్నట్టు మాట్లాడేస్తుంటారు.

ఇది పాత ముచ్చటేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో విద్యా కానుక పేరుతో బ్యాగు, నోట్‌బుక్కులు, యూనిఫాం, బూట్లు కలిపిన కిట్ మొదలైంది. ప్రభుత్వం మారాక పేరు మారి విద్యార్థి మిత్ర అయింది. జూన్‌లో బడి తెరవగానే కిట్ వస్తుందని ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి పై లెక్క ప్రకారం దీనివల్ల జరిగే ప్రధానమైన మేలు ఇంటి ఖర్చు తగ్గడం. జూన్ నెలలో అప్పు చేయాల్సిన అవసరం తప్పిన తల్లికి అది చిన్న విషయం కాదు, ఆ మాత్రానికైనా పథకం ఉండొచ్చు. ఎలాగూ బూట్లు కొనలేని ఇంట్లో తగ్గించుకోవడానికి ఖర్చే ఉండదు కాబట్టి, అలాంటి పిల్లలకు కిట్ నిజంగానే కొత్తగా కలిసొస్తుంది. కానీ కిట్లు పంచాం కనుక చదువు బాగుపడుతుందని చెబితే నమ్మడం కష్టం.

అదే పదివేలు వేరే దారిలో వెళ్తే? బోనస్ సూత్రం తేలికైనది. తరగతి సగటు మార్కులు గత ఏడాది కంటే 5 శాతానికి మించి పెరిగితే, ఆ పైన ప్రతి ఒక శాతానికీ టీచర్‌కు 500 రూపాయలు. 10 శాతం పెరిగితే 2,500. సగటున చూస్తే ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లయ్యేసరికి ఈ బడుల పిల్లలు గణితంలో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. గణితంలో మధ్యన ఉన్న పిల్లాడు వందలో 61వ మెట్టు దగ్గరికి చేరినట్టు. అదే పాటి ఖర్చుతో గ్రాంటో అదనపు టీచరో అందిన బడుల కంటే ఇవే మెరుగ్గా ఉన్నాయి. ఎవరి బోనస్ వాళ్లకే ఇచ్చిన బడుల్లో ప్రాథమిక తరగతులు ఐదేళ్లూ పూర్తి చేసిన పిల్లల్లో గణితంలో తేడా 0.54కి చేరింది. బడి మొత్తానికి కలిపి ఇచ్చిన చోట ప్రభావం అంతగా నిలవలేదు.

డబ్బు ఆశ పెడితే టీచర్లు పరీక్షకే పాఠం చెబుతారన్న అనుమానం రావడం సహజం. అందుకే బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్ కూడా పరీక్షించారు. వాటిలోనూ మార్కులు పెరిగాయి. విచిత్రం ఏమిటంటే, టీచర్ల గైర్హాజరు ఏమాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజున మాత్రం హోంవర్కు, అదనపు తరగతులు, ప్రాక్టీస్ టెస్టులు ఎక్కువయ్యాయని వాళ్లే చెప్పారు. అయినా నాకు పూర్తి భరోసా లేదు. బయటి సంస్థ జాగ్రత్తగా పరీక్ష పెట్టి, దిద్దిన చోట దొరికిన ఫలితం, పరీక్ష పెట్టేవాళ్లూ దిద్దేవాళ్లూ బోనస్ తీసుకునేవాళ్లూ ఒకరే అయితే దొరుకుతుందా?

కాంట్రాక్టు టీచర్ల ఫలితం మరీ ఇబ్బంది పెడుతుంది. వీళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లే. చదువూ శిక్షణా తక్కువ, జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదో వంతు. వీళ్లను అదనంగా పెట్టిన బడుల్లో రెండేళ్లకు గణితం 0.16, తెలుగు 0.15 ప్రామాణిక విచలనాలు పెరిగాయి. గైర్హాజరు రెగ్యులర్ టీచర్లలో 27 శాతం ఉంటే వీళ్లలో 18. ఖర్చు లెక్క ఒక్కటే చూసేవాడికి ఇది పండగ. కానీ ఐదో వంతు జీతానికి, రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని టెన్షన్‌తో ఒక మనిషి ఎన్నేళ్లు అంత శ్రద్ధగా పనిచేయగలరు? ఆ ప్రశ్నకు రెండేళ్ల ప్రయోగంలో జవాబు ఉండదు.

పోనీ జీతాలే పెంచితే? ఇండోనేషియా 2005లో చట్టం చేసి, సర్టిఫికేషన్ పొందిన టీచర్ల మూల వేతనాన్ని రెట్టింపు చేసే పని మొదలుపెట్టింది. 360 బడుల్లో దాని ఫలితాన్ని కొలిచారు. టీచర్లకు సంతృప్తి పెరిగింది, ఆర్థిక ఇబ్బంది తగ్గింది, పక్క ఉద్యోగాలు తగ్గాయి. రెండు మూడేళ్ల తర్వాత కూడా పిల్లల చదువు మాత్రం ఉన్నచోటే ఉంది. బోనస్‌కూ దీనికీ తేడా ఒక్కటే: జీతం పెంపుకు పిల్లలు నేర్చుకోవడంతో సంబంధం లేదు. రెట్టింపు జీతం చూసి మంచి అభ్యర్థులు ఈ వృత్తిలోకి వస్తారేమో, అది కనిపించాలంటే ఒక తరం పడుతుంది.

ఇదంతా చదివి ‘ప్రభుత్వ బడికి డబ్బు దండగ’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ప్రైవేటు బడి. మురళీధరన్, సుందరరామన్ ఇద్దరూ 2008 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ఇంకో ప్రయోగం చేశారు. లాటరీలో పేరొచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితంలో వాళ్లకూ, ప్రభుత్వ బడుల్లో మిగిలినవాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే అక్కడ ఒక్కో పిల్లాడిపై ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. దీన్నే ఆర్థికవేత్తలు సామర్థ్యం అంటారు: అదే ఫలితం, తక్కువ ఖర్చు. ఆ తక్కువ ఖర్చులో పెద్ద వాటా టీచర్ల తక్కువ జీతాలది అన్న సంగతి మరచిపోకూడదు. మార్కులు పెరుగుతాయని ఆశపడి ప్రైవేటుకు పంపే తల్లిదండ్రులకైతే ఈ సామర్థ్యంతో ఒరిగేదేమీ లేదు.

రెండోది, డబ్బు పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో కోర్టు తీర్పుల వల్ల కొన్ని రాష్ట్రాల్లో పేద ప్రాంతాల బడులకు నిధులు పెరిగాయి. కిరాబో జాక్సన్, రకర్ జాన్సన్, క్లాడియా పెర్సికో ఆ పిల్లలను పెద్దయ్యేదాకా లెక్కల్లో వెంబడించి 2016లో ఫలితం ప్రచురించారు. పన్నెండేళ్ల బడి చదువులో ఖర్చు 10 శాతం పెరిగితే, పెద్దయ్యాక సంపాదన సుమారు 7 శాతం పెరిగింది. పేద పిల్లలకు అంతకంటే ఎక్కువ. అక్కడ ఆ డబ్బు తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించడానికీ, టీచర్ల జీతాలకూ, బడి రోజులు పెంచడానికీ వెళ్లింది. తల్లిదండ్రులు బయట కొని సర్దుకోగలిగేవి కావు అవి.

మన దేశంలో 2010లో 1,297 గ్రామాల్లో ముందుగా చెప్పకుండా బడులకు వెళ్లి చూస్తే, 23.6 శాతం టీచర్లు బడిలో లేరు. ఈ గైర్హాజరు వల్ల ఏటా పోతున్నది 150 కోట్ల డాలర్లని అంచనా వేశారు. పిల్లలకు టీచర్ దొరికే సమయాన్ని పెంచాలంటే, కొత్త టీచర్లను నియమించడం కంటే ఉన్నవాళ్లపై పర్యవేక్షణ పెంచడం పది రెట్లకు పైగా చవక అని అదే అధ్యయనం లెక్క. పర్యవేక్షణ అంటే పెద్ద యంత్రాంగమేం కాదు, మండల విద్యాధికారుల (ఎంఈవో) ఖాళీలు నింపి, బళ్లకు వెళ్లడానికి వాళ్లకు సమయం, బండి ఇవ్వడం. అలా మిగిలే డబ్బు పిల్లల ఇళ్లలోకి జారిపోదు, ఎందుకంటే బడిలో టీచర్ ఉన్న సమయాన్ని ఏ తండ్రీ బజారులో కొని తగ్గించుకోలేడు.